ఆదర్శాల సామ్రాజ్ఞిని రాయాలంటే ముందు ఆమె ఆజ్ఞ రాయండి

ఫాంటసీ నవలలు మొదలుపెట్టిన కొత్తవాళ్ళు తమ రాతప్రతులు నాకు పంపుతుంటారు. అందులో ఒక సామ్రాజ్ఞి ఉందంటే నేను ముందుగా వెతికేది ఒక్కటే: ఆమె గద్దెనెక్కాక ఆ రాజ్యంలో ఏ మనిషి బతుకు ఎలా మారింది? చాలా రాతప్రతుల్లో ఇది దొరకదు. కిరీటం వర్ణన ఉంటుంది, కత్తికి పేరు ఉంటుంది, "ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకునేది" అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. ఆ వాక్యం ఏ రాజుకైనా అతుకుతుంది. అందుకే దాన్నుంచి మనిషి కనపడదు.

ఆదర్శాలున్న పాలకురాలి జీవితం నాకు ప్రాణప్రదమైన కథావస్తువు. మంచి చెయ్యాలన్న తపన, చెయ్యగలిగేంత అధికారం, రెండూ ఒకే మనిషి చేతిలో పడితే ఏం జరుగుతుందో చూడాలని ఉంటుంది నాకు. దాన్ని అబద్ధం లేకుండా రాయడానికి నేను పాటించే పద్ధతి ఇక్కడ చెబుతాను. ఉదాహరణలు కొన్ని చరిత్రలోవి, కొన్ని ఇప్పుడు నేను రాస్తున్న నవలలోవి. అందులో సామ్రాజ్ఞి పేరు యశోవతి.

మొదట ఒక ఆజ్ఞ

న్యాయం, సమానత్వం, శాంతి అంటూ మొదలుపెట్టకండి. రాతి మీద చెక్కించదగ్గ ఒక ఆజ్ఞ రాసుకోండి. మూడు నాలుగు వాక్యాలు చాలు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనాన్ని నేను నమూనాగా పెట్టుకుంటాను. తుఫానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు దాన్నంతా లాక్కునేవారని అందులో ఉంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ దగ్గర ఇకపై న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని ఉంది. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు అని రేటు కూడా ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం అంటూ సరుకుల పేర్లున్నాయి. దయ అన్న మాటకు అక్కడ లెక్క దొరికింది. ఎవరికి మేలు, నిన్నటిదాకా ఏం జరిగేది, రేపటి నుంచి ఏం మారుతుంది, ఖజానా ఏం వదులుకుంటుంది: ఈ నాలుగూ మీ ఆజ్ఞలో ఉండాలి. నాలుగోది లేకపోతే మిగతా మూడూ గాలి మాటలే.

యశోవతి ఆజ్ఞ ఇది: "కరువు ఏడాది కాలువ నీళ్ళు ముందు చివరి పొలానికి చేరాలి. అది తడిశాకే తల దగ్గరి పొలాలకు తూము ఎత్తాలి. ఆ ఏడాది తల పొలాల మీద శిస్తు సగం వదులుకుంటాం."

దీన్ని రాసుకున్నాకే ఆమె బాల్యం ఆలోచించాను. కోటలో పెరిగిన పిల్లకు కాలువకు చివర ఒకటుంటుందనే తెలియదు. కాబట్టి పన్నెండేళ్ళు వచ్చేదాకా శత్రువుల కంటపడకుండా ఆమెను ఒక చివరి ఊళ్ళో పెంచాను. ముందు గతం రాసి అందులోంచి ఆదర్శం పుట్టించబోతే, చాలాసార్లు తల్లిదండ్రుల హత్య, పగ, ప్రతిజ్ఞ దగ్గర తేలతాం. ఆజ్ఞ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే, ఆ ఆజ్ఞ ఇచ్చే మనిషికి మాత్రమే ఉండగలిగే బాల్యం దొరుకుతుంది.

ఆ ఆజ్ఞను చేతులు మార్చండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. సామ్రాజ్ఞి నోట్లోంచి వచ్చిన మాట పొలం గట్టుకు చేరేలోపు ఎందరి చేతుల్లో పడుతుందో వరసగా రాయండి. నా నవలలో ఆ దారి ఇలా సాగుతుంది: యశోవతి చెబుతుంది, రాయసగాడు రాస్తాడు, మంత్రి ముద్ర వేస్తాడు, వార్తాహరుడు మోస్తాడు, మండలాధిపతి చదువుతాడు, కరణం పొలాల జాబితా కడతాడు, చివరికి తూము కాపలావాడు పలక ఎత్తుతాడు. ఒక్కొక్కరి గురించీ మూడు సంగతులు రాసుకోవాలి. ఈ ఆజ్ఞలో అతనికి అర్థమైనదెంత? దీనివల్ల అతనికి వచ్చేది, పోయేది ఏమిటి? అతను భయపడేది ఎవరికి?

నా తూము కాపలావాడు ఉండేది కాలువ తల దగ్గర. అతని బావమరిది పొలం మొదటి తూము కిందే ఉంది. సామ్రాజ్ఞి ఎక్కడో ఉంటుంది, బావమరిది రోజూ ఎదురుపడతాడు. అతను లంచగొండి కాదు, దుర్మార్గుడు కాదు. రాత్రిపూట పలకను నాలుగు వేళ్ళ ఎత్తు లేపి, తెల్లారేలోపు దించేస్తాడు. నవల మొత్తంలో యశోవతికి నిజమైన ఎదురుదెబ్బ ఆ నాలుగు వేళ్ళ సందే. దాని మీద ఒక అధ్యాయం రాశాను, అందులో యుద్ధం లేదు, మంత్రగాడు లేడు, అయినా నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం అదే.

ఇది చరిత్రలో నిజంగా ఎలా జరుగుతుందో చూడాలంటే సాంగ్ వంశపు చైనాకు వెళ్ళండి. 1069లో మంత్రి వాంగ్ అన్షి ఒక పథకం తెచ్చాడు. పంట చేతికి రాకముందు రైతు వడ్డీ వ్యాపారుల పాలు కాకుండా ప్రభుత్వమే అప్పు ఇవ్వాలి, వడ్డీ నూటికి ఇరవై. ఉద్దేశం చక్కటిది. కానీ ఎంత అప్పు ఇచ్చారన్న దాన్నిబట్టి అధికారుల పనితనాన్ని లెక్కగట్టడంతో, అవసరం లేనివాళ్ళకు కూడా బలవంతంగా అంటగట్టారు. రైతును కాపాడబోయిన పథకమే అతని మెడకు చుట్టుకుంది. మీ సామ్రాజ్ఞి పథకంలో కింది ఉద్యోగిని దేన్నిబట్టి మెచ్చుకుంటారో తేల్చుకోండి, అది ఎక్కడ వికటిస్తుందో మీకే తెలిసిపోతుంది.

అశోకుడికి ఈ బాధ తెలుసు. ధౌలి, జౌగడల్లోని ప్రత్యేక కళింగ శాసనాలు ప్రజలకు చేసిన బోధలు కావు, అధికారులకు చేసిన హెచ్చరికలు. కారణం లేకుండా ఎవరినీ బంధించవద్దంటాడు, అసూయ, కోపం, తొందర, బద్ధకం వదలమంటాడు. తిష్య నక్షత్రం రోజున ఈ శాసనం చదివి వినిపించాలంటాడు. ఇది అమలవుతోందో లేదో చూడటానికి అయిదేళ్ళకోసారి మనిషిని పంపుతానంటాడు. మీ సామ్రాజ్ఞి మొదటి ఆజ్ఞ విఫలమయ్యాక ఇచ్చే రెండో ఆజ్ఞ ఇలా ఉండాలి. తన ఆదర్శం గురించి తక్కువ, తన మనుషుల గురించి ఎక్కువ.

దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. పారసీకుల రాజమార్గం మీద సార్డిస్ నగరం నుంచి సూసా నగరానికి 111 మజిలీలు, కాలినడకన తొంభై రోజులని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. గుర్రాలు మార్చుకుంటూ పోయే వార్తాహరులు అదే దూరాన్ని చాలా త్వరగా దాటేవారు. మీ పటంలో రాజధాని నుంచి పొలిమేరకు వార్త వెళ్ళడానికి ఎన్ని రోజులు పడుతుందో ఒక మూల రాసి పెట్టుకోండి. ఆజ్ఞ ఇచ్చిన రోజుకూ, అది తప్పుగా అమలైందన్న కబురు తిరిగొచ్చే రోజుకూ మధ్య ఆమె ఏం చేస్తుంది? నా దృష్టిలో ఆమె జీవితంలో సగం ఆ నిరీక్షణే. మెరుపులా మాట మోసే పక్షులో, అద్దాలో పెట్టుకుంటే ఈ సగం మీ చేతులారా పారేసుకున్నట్టే.

ఎదుటివాళ్ళకు నిజమైన కారణం ఇవ్వండి

ఆదర్శవాదికి శత్రువు దుర్మార్గుడే అయితే కథ మొదటి పేజీలోనే తీర్పు ఇచ్చేసినట్టు. యశోవతి ఆజ్ఞను తల పొలాల రైతులు వ్యతిరేకిస్తారు. వాళ్ళ వాదన నేను చాలా రోజులు ఆలోచించి కట్టాను. కరువు ఏడాది కాలువ అడుగు పగుళ్ళిచ్చి ఉంటుంది. చివరిదాకా నీళ్ళు తోలితే దారిలోనే చాలావరకు ఇంకిపోతాయి, ఎండకు ఆవిరవుతాయి. అవే నీళ్ళు తల దగ్గర వదిలితే ఎక్కువ పొలం తడుస్తుంది, ఎక్కువ ధాన్యం పండుతుంది. "మీ ఆజ్ఞ వల్ల రాజ్యంలో మొత్తం గింజలు తగ్గుతాయి తల్లీ, ఆ తగ్గిన గింజలు ఎవరి కంచంలోవో మీరే చెప్పండి" అంటాడు వాళ్ళ పెద్ద. ఇది అబద్ధం కాదు. దీనికి ఆమె దగ్గర జవాబు లేదు, నేనూ ఆమె నోట్లో జవాబు పెట్టలేదు. తర్వాతి సంవత్సరం ఆమె ఆజ్ఞను మార్చి వంతులు కడుతుంది. కాలువ అడుగుకు రాయి పరిపించడానికి తన పట్టాభిషేక వార్షికోత్సవాల ఖర్చు ఆపుతుంది. ఆ డబ్బు చాలదు. సేన జీతాల్లోంచి తీస్తుంది. అక్కడినుంచి సేనాపతి కథ మొదలవుతుంది. మంచి ప్రత్యర్థి వాదనలోంచి మీకు తర్వాతి వంద పేజీలు వస్తాయి.

వాంగ్ అన్షి సంస్కరణలను రద్దు చేయించింది కూడా ఒక స్త్రీయే, గావో రాజమాత. 1085లో మనవడు బాల చక్రవర్తిగా గద్దెనెక్కితే అతని పేరున ఆమె పాలించింది. పాత మంత్రి సిమా గ్వాంగ్‌ను పిలిపించి కొత్త పథకాలు ఒకటొకటిగా ఎత్తివేయించింది. ఆమె వ్యక్తిగత లాభం కోసం చేసిన మనిషి కాదు, తర్వాతివాళ్ళు ఆమెను ఆదర్శ పాలకురాలని కొనియాడారు. ఇద్దరూ ప్రజల మేలు కోరినవాళ్ళే, అయినా అతని పనిని ఆమె చెరిపేసింది. మీ నవలలో సామ్రాజ్ఞికి ఎదురు నిలిచే మనిషి ఇంత ఎత్తు ఉంటే బాగుంటుంది.

ఆమె చేసిన మంచి పనిముట్టు ఇంకెవరి చేతిలోనో

686లో చైనాలో రాజమాత ఊ జెటియాన్ రాజభవనంలో ఒక రాగి పెట్టె పెట్టించింది. నాలుగు వైపులా నాలుగు అరలు. ఒకదాంట్లో పనికొచ్చే సలహాలు, ఒకదాంట్లో పాలన మీద విమర్శలు, ఒకదాంట్లో తనకు జరిగిన అన్యాయాలు, మరొకదాంట్లో శకునాలు, రహస్య కుట్రల సమాచారం వేయవచ్చు. ఇంత చక్కటి ఆలోచన ఏ ఫాంటసీ సామ్రాజ్ఞికి ఇచ్చినా పాఠకుడు మురిసిపోతాడు. కానీ కుట్రల సమాచారం మోసుకొచ్చేవాళ్ళకు దారి పొడుగునా గుర్రాలు, భోజనం రాజ్యం తరఫునే ఏర్పాటు చేయడంతో చాడీలకు గిరాకీ పెరిగింది. ఆ పెట్టెను రూపొందించిన మనిషి మీద కూడా అందులోనే ఫిర్యాదు పడింది, అతనికి మరణదండన పడింది. నాలుగేళ్ళ తర్వాత, 690లో, ఆమె తన పేరునే చక్రవర్తిగా సింహాసనం ఎక్కింది.

బైజాంటియంలో సామ్రాజ్ఞి థియోడోరా సంగతి ఇంకోరకం. పడుపు వృత్తిలోంచి బయటపడ్డ స్త్రీలకు ఆమె, ఆమె భర్త జస్టీనియన్ చక్రవర్తి కలిసి ఒక ఆశ్రమం కట్టించారు. ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు ఒకచోట దాన్ని వేనోళ్ళ పొగిడాడు. తానే రహస్యంగా రాసి పెట్టుకున్న మరోచోట, ఆ స్త్రీలను బలవంతంగా అక్కడ ఉంచారని, కొందరు ఆ బలవంతపు మార్పు భరించలేక రాత్రివేళ పైనుంచి దూకేశారని రాశాడు. రెండోచోట అతను ఆమె మీద కక్షతో రాశాడన్నది స్పష్టమే. అయినా ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుంటే మీకొక అభ్యాసం దొరుకుతుంది. మీ సామ్రాజ్ఞి చేసిన ఒక గొప్ప పనిని ముందు ఆస్థాన కవి చేత ఒక పేజీ రాయించండి. తర్వాత అదే పనిని, ఎవరికోసం చేశారో ఆ మనిషి చేత ఒక పేజీ చెప్పించండి. రెండూ నవలలో పెట్టాల్సిన పనిలేదు. మీకు తెలిసి ఉంటే చాలు.

ఆమె కంటికి ఆనని చోటు

ఆదర్శవాదుల్లో నన్ను ఎక్కువ కలచివేసేది ఇదే. వాళ్ళు చెడ్డ పనులు చెయ్యడం అరుదు, ఒక దిక్కుకు చూడకపోవడం మాత్రం తరచూ జరుగుతుంది. రష్యా సామ్రాజ్ఞి రెండవ కాథరీన్ 1767లో కొత్త చట్టాలు రాయడానికి దేశం నలుమూలల నుంచి ప్రతినిధులను మాస్కోకు పిలిపించింది. మాంటెస్క్యూ, బెకారియా అనే యూరప్ ఆలోచనాపరులను చదివి తానే ఒక మార్గదర్శక పత్రం రాసింది, హింసపెట్టి నేరం ఒప్పించడం తప్పని అందులో వాదించింది. ఆ సభలో భూస్వాముల కింద కట్టుబానిసల్లా బతికే సెర్ఫులకు ప్రతినిధులు లేరు. అదే ఏడాది ఆగస్టులో, సెర్ఫులు యజమానుల మీద నేరుగా సామ్రాజ్ఞికి అర్జీ పెట్టుకుంటే కొరడా దెబ్బలు, సైబీరియా ప్రవాసం అన్న ఉత్తర్వు వచ్చింది. టర్కీతో యుద్ధం రావడంతో 1768 చివర్లో సభ ఆగిపోయింది, చట్టసంహిత రానేలేదు. 1773లో పుగచేవ్ అనే కొసాక్కు యోధుడు, తాను చనిపోయిన ఆమె భర్త మూడవ పీటర్‌నని చెప్పుకుంటూ తిరుగుబాటు లేవదీశాడు. ఆమె వినడం మానేసిన గొంతులు చాలావరకు అతని వెనకే నడిచాయి.

మీ సామ్రాజ్ఞి ఎవరి అర్జీ తీసుకోదు? ఎందుకు తీసుకోదు? ఆ కారణం ఆమెకు సబబుగా తోచాలి. యశోవతి నీళ్ళ గురించి ఇంత తపిస్తుంది గానీ, కాలువ అడుగుకు రాయి పరిచింది యుద్ధఖైదీలు. వాళ్ళను ఇళ్ళకు పంపితే పని ఆగుతుంది. "ఈ ఒక్క ఎండాకాలం" అంటుంది. మరుసటి ఏడాదీ అదే అంటుంది. ఆ మాట ఆమె నోట మొదటిసారి రాసినప్పుడు నాకు చెయ్యి ఆగింది, అయినా ఉంచాను.

ఆమె ఒళ్ళు, ఆమె రోజు

సామ్రాజ్ఞి కూడా నిద్రపోతుంది, జ్వరపడుతుంది, విసుక్కుంటుంది. తాను భోంచేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, పడకగదిలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల సంగతులు వచ్చి చెప్పవచ్చని అశోకుడు ఆరో శిలాశాసనంలో ప్రకటించాడు. చదవడానికి ఎంతో బాగుంటుంది. అలా ఒక్క నెల బతికిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆలోచించండి. అర్ధరాత్రి తలుపు తట్టే హక్కు అందరికీ ఇచ్చిన మనిషి పక్కన పడుకునే భర్త ఏమంటాడు? ప్రేమకథ విడిగా అక్కర్లేదు, ఆ తలుపు దగ్గరే రాసుకోవచ్చు.

ఆదర్శాన్ని ఒంటి మీద చూపించడానికి కాథరీన్‌దే ఇంకో ఘట్టం ఉంది. 1768లో మశూచి టీకా అంటే జనం హడలిపోయేవారు, ఎందుకంటే ఆనాటి పద్ధతిలో రోగి పొక్కు రసాన్నే ఆరోగ్యవంతుడికి ఎక్కించేవారు, ప్రాణాపాయం ఉండేది. ఇంగ్లండు నుంచి డిమ్స్‌డేల్ అనే వైద్యుణ్ణి పిలిపించి ముందు తానే వేయించుకుంది, తర్వాత కొడుకుకు వేయించింది. ఆమెకు ఏమైనా అయితే వైద్యుడు పారిపోవడానికి దారిలో గుర్రాలు సిద్ధం చేయించారని చెబుతారు. సెర్ఫుల అర్జీలను మూసేసిన మనిషీ, చెయ్యి చాచి ఆ రసం ఎక్కించుకున్న మనిషీ ఒకరే. ఈ రెండూ పట్టేంత పాత్ర కట్టండి.

మాయను ఆమె వైపు నిలబెట్టకండి

వాన కురిపించే శక్తి యశోవతికి ఉంటే నా నవల మూడు పేజీల్లో అయిపోయేది. ఫాంటసీ లోకంలో మాయ ఉండాల్సిందే, కానీ ఆమె కష్టాన్ని పెంచే వైపు ఉంటే మేలు. నా లోకంలో ప్రమాణం చేసి తప్పినవాళ్ళకు నీడ పోతుంది. ఈ ఒక్క నియమం పెట్టుకుని దాని పర్యవసానాలు ఓపిగ్గా లాగాను. అక్కడి పాత రాజుల శాసనాల్లో "చేస్తాను" అన్న మాటే కనపడదు, అన్నీ "చేశాను" అని ఉంటాయి. మంత్రులు మాటను వంకరగా తిప్పడంలో ఆరితేరి ఉంటారు. మధ్యాహ్నపు ఎండలో సభలు పెట్టడం మానేసి దీపాలు లేని మసక గదుల్లో పెడతారు. అలాంటి చోట ఒక పాతికేళ్ళ అమ్మాయి పట్టాభిషేకం రోజున, మిట్టమధ్యాహ్నం, "నేను బతికుండగా చివరి పొలం ఎండదు" అని ఒట్టు పెడుతుంది. ఆదర్శవాది అని నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

పిలుపులు, మాటతీరు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ప్రతి సంభాషణలోనూ పనిచేస్తుంది. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. మీ సామ్రాజ్ఞిని శాసనంలో ఏమంటారు, సభలో ఏమంటారు, పెంచిన దాది ఏమంటుంది, గిట్టనివాళ్ళు చాటుగా ఏమంటారు? నాలుగు పిలుపులు తేల్చుకుని కడదాకా మార్చకండి. ఆమె నోట గ్రాంథికం పెట్టి మిగతావాళ్ళ నోట వాడుక భాష పెట్టడం నాకు నచ్చదు. చివరి ఊళ్ళో పెరిగిన యశోవతికి కోపం వస్తే ఆ ఊరి మాట బయటపడుతుంది, అప్పుడు మంత్రులు తల దించుకుంటారు.

అరవయ్యో ఏడాది దాకా రాయండి

పట్టాభిషేకంతో ఆపేసే నవలలే ఎక్కువ. నిజానికి అక్కడిదాకా ఆదర్శానికి పరీక్షే లేదు. పాతికేళ్ళప్పుడు, నలభై అయిదప్పుడు, అరవయ్యప్పుడు ఆమె అదే ఆజ్ఞను ఏ మాటల్లో చెబుతుందో మూడుసార్లు రాసి చూడండి. యశోవతి మొదటిసారి "ఎండదు" అంది. నలభై అయిదులో "వంతు తప్పదు" అంటుంది. అరవైలో "లెక్క చూపించండి" అంటుంది. మధ్యలో ఏం జరిగిందో ఆ తేడాలే చెబుతాయి, వయసు మీద పడిందని వర్ణించనక్కర్లేదు.

ఆమె పోయాక ఏమవుతుందో కూడా ముందే నిర్ణయించుకోండి. గావో రాజమాత 1093లో కన్నుమూయగానే ఆమె మనవడు, ఆమె రద్దు చేసినవాటిని మళ్ళీ తెచ్చాడు. గద్దె మారితే ఇలాగే జరుగుతుంది. కాబట్టి మీ సామ్రాజ్ఞి ఇచ్చిన ఆజ్ఞలన్నీ ఒక కాగితం మీద రాసి, ఏది నిలుస్తుంది, ఏది రద్దవుతుంది, ఏది పేరుకు మిగిలి లోపల మారిపోతుందో ఒక్కొక్కదాని పక్కన గుర్తు పెట్టండి. నా కాగితం మీద నీళ్ళ వంతులు నిలిచాయి, ఎందుకంటే అప్పటికి తల పొలాలవాళ్ళకు కూడా వాటిమీద నమ్మకం కుదిరింది. శిస్తు మాఫీ ఆమె పోయిన ఏడాదే రద్దయింది. యుద్ధఖైదీల సంగతి మాత్రం ఆమె కూతురికి వదిలాను. ఆ కూతురు ఖైదీల శిబిరంలో పుట్టిన ఒక మనిషిని పెళ్ళాడబోతోంది, రెండో భాగం అక్కడ మొదలవుతుంది.